గోడ మీద కొరికిన రొట్టె

తాష్కెంట్‌లో పొద్దుటి సిటీ బస్సు. అరవైకి దగ్గరపడిన ఓయ్‌దిన్ తన తమ్ముడు మురోద్‌ని కిటికీ పక్క సీట్లో కుదేసింది.

"అది కాదక్కా, ముందు నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది నాకు తెలుసు. నాన్న గాజు ముక్కలతో బొమ్మ కట్టిన గోడకి ఇవాళ చలి ఆపే థర్మోకోల్ కొడుతున్నారు. బిల్డింగు సంఘానికి పెద్దవి నువ్వు, సరేనన్నావు. అదేగా?"

"అదీ ఉంది. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. కప్పేముందు నాన్న చేసిన మిగతా గోడలు ఏమయ్యాయో కళ్ళారా చూడు. అదిగో, ఆ మూల. ఏం కనిపిస్తోంది?"

"సెల్‌ఫోన్ల ప్రకటన."

"దాని వెనక?"

"...పత్తి ఏరే అమ్మాయిలు."

"గుర్తుందన్నమాట! మధ్యలో అమ్మాయికి నా ముక్కే పెట్టాడు నాన్న. సరిగ్గా ఆ ముక్కులో మేకు దిగ్గొట్టారు వెధవలు."

"మెల్లగా. జనం చూస్తున్నారు."

"చూడనీ! రోజూ దాని ముందే దిగి తలెత్తకుండా పోయేది ఈ జనమేగా? ఏమ్మా, నిన్నే, ఆ ప్రకటన వెనక ఏముందో తెలుసా నీకు?"

"ఆవిణ్ణి వదిలెయ్ తల్లీ. ఒక్క మాట చెప్పనియ్యి. తెల్లారగట్ల అమ్మ..."

"అమ్మ పేరెత్తకు! లే, దిగు. ఇక్కడ బస్సు మారాలి."

పాత సాంస్కృతిక భవనం ఎదుట బస్టాపు. బెంచీ మీద ఒక ముసలాయన.

"నాటకాలాడిన చోట సోఫాలమ్ముతున్నారు చూశావా? గోడ మీద నాన్న కట్టిన వ్యోమగామి ఏడీ?"

"తల కనిపిస్తోందిగా."

"తల ఉంది. ఒంటినిండా ఏసీ పెట్టెలు బిగించారు. చుక్కల్లో ఎగరాల్సినవాడు ఏసీలు మోస్తున్నాడు. నవ్వుతున్నావా?"

"నవ్వొచ్చేలా చెప్పావు మరి."

"నవ్వు. నాన్న వేళ్ళు గుర్తున్నాయా నీకు? గాజు పలకలు కొట్టీ కొట్టీ వేళ్ళన్నీ కోసుకుపోతే, పులావు చేత్తో తిన్లేక చెంచాతో తినేవాడు. దొరగారొచ్చారని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. భూమి కింద మెట్రో స్టేషన్లలో బొమ్మలకి మాత్రం రోజూ తుడుపులూ మెరుగులూ! ఎండలో ఉన్నందుకు ఇవి దిక్కులేనివయ్యాయి."

"ఇంక చాలు! పొద్దుట్నించీ పడుతున్నా. నీకు గోడ బయటివైపే తెలుసు, లోపలివైపు నాకు తెలుసు. ఆ గోడకి ఆనించే అమ్మ మంచం. చలికాలం పరుపు చెమ్మ, నిండా బూజు, రాత్రంతా దగ్గు. నువ్వేమో నీ ఇంట్లో వెచ్చగా పడుకుని నెలకోసారి ఫొటోలకి వస్తావు!"

"మంచం అవతలికి జరపరాదూ?"

"జరపనిస్తేగా?"

"ఎందుకు జరపనిస్తుంది? రొట్టె ఉంది ఆ గోడకే! పెద్దాయనా, మీరే చెప్పండి న్యాయం. మా తుర్సున్ అన్నయ్య సైన్యానికి పోతూ రొట్టె కొరికి పోయాడు, అందరిళ్ళలోలాగే. మిగతాది మేకుకి తగిలించి ఉంచాలి, తిరిగొచ్చి తనే తినాలి, ఇంకొకళ్ళు ముట్టకూడదు. అవునా?"

"అవునమ్మాయ్. మావాడు రెండేళ్ళకొచ్చి తిన్నాడు. పన్ను విరిగింది."

"అదృష్టవంతులు. మావాణ్ణి కాబూల్ వైపు యుద్ధానికి పంపారు. రాలేదు. శవమూ రాలేదు. అమ్మ ఆ రొట్టెని మేకు మీంచి దించలేదు. గోడకి అవతలివైపు మా నాన్న విందు బొమ్మ కట్టాడు. దానిమ్మపళ్ళు, టీ కూజా, రొట్టెలు. అందులో ఒకటి కొరికిన రొట్టె. కార్మికుల విందులో ఎంగిలి రొట్టేంటని ఆఫీసర్లు గుడ్లురిమితే, విందు మొదలైందని గుర్తు బాబూ అన్నాడు. అలా గెలిపించుకున్న రొట్టెని ఈ మహానుభావుడు కప్పేస్తాట్ట!"

"తమ్ముడేదో చెప్పాలనుకుంటున్నాడమ్మా. వినరాదూ?"

"వీడి మాటలు నలభై ఏళ్ళుగా వింటున్నా. పద, బస్సొచ్చింది."

చిలాంజార్‌లో వాళ్ళ నాలుగంతస్తుల ఇల్లు. నాన్న విందు బొమ్మ ఉన్న చివరి గోడకి అప్పటికే పరంజా కట్టేశారు.

"ఏయ్ బాబూ, దిగు కిందికి! నిన్నే! చెయ్యి పడిందంటే ఊరుకోను!"

"అక్కా, వాడు కూలివాడు. వాడిమీద అరిచి ఏం లాభం?"

"అయితే నీమీద అరుస్తా. చలికి కప్పుతున్నానని చెప్పకు. నీకా బొమ్మంటే పడదు. అన్నయ్య నీకు గుర్తే లేడు!"

"గుర్తులేడు, నిజమే. ఆ రొట్టే గుర్తుంది నాకు. పండగొస్తే దాని వంక చూసి అమ్మ ఏడ్చేది. నాకు పరీక్షలో మార్కులొచ్చినా దాని వంకే చూసేది, నా వంక కాదు. అయినా ఇన్నేళ్ళూ గోడకి వేలు తాకించానా? ఇప్పుడు కప్పమన్నది నేను కాదు. అమ్మ."

"అబద్ధం!"

"ఒట్టు. అమ్మే కప్పమంది."

"అమ్మ చచ్చినా అనదు. మేకుకి ఆ రొట్టె వేలాడుతున్నంతకాలం అమ్మ నోట ఆ మాట రాదు!"

"అదే చెబుదామని తెల్లారగానే నీ ఇంటికి పరిగెత్తుకొచ్చా. విన్నావా? బస్సుల్లో ఊరంతా తిప్పావు."

"ఏది చెబుదామని?"

"మేకుకి లేదక్కా."

"ఏది లేదు?"

"రొట్టె. తెల్లారగట్ల అమ్మే దించింది. పారెయ్యకూడదు గదా. నోట్లో పళ్ళు లేవు, టీలో నానబెట్టుకుంది. పొడి కూడా మిగల్చకుండా మొత్తం తినేసింది."