నలభై ఒకటో నంబరు పలక

"1974 నవంబరు 14, గురువారం. పొద్దున్నుంచీ సన్నజల్లు. మధ్యాహ్నానికి కరసు కొండ మీద తొలి మంచు." ఇది మీ దస్తూరీయే కదా మాస్టారూ? కాదంటే ఒప్పుకోను. వానా మంచూ రాస్తేగానీ అసలు సంగతికి రారు మీరు. మంచు సంగతి నిజమే రాశారు. దాని కిందదీ నిజమే రాశారు. అదే మింగుడు పడటం లేదు నాకు.

అట్లా ఫోటోలోంచి నవ్వకండి. మీరు పోయి ఇవాళ్టికి నలభై తొమ్మిదో రోజు, కర్మ పూర్తయ్యే రోజు. అగరొత్తు వెలిగించి, దణ్ణం పెట్టుకుని వెళ్దామనే వచ్చాను. అమ్మగారేమో ఈ అట్టపెట్టె చేతికిచ్చి, "సెగావా గారూ, అన్నీ చిత్తు పుస్తకాలే, కాస్త తగలబెట్టేయండి" అన్నారు. వంటింట్లో పెర్సిమన్ పళ్ళు కోస్తున్నారావిడ. నెమ్మదిగా మాట్లాడతాన్లెండి, వినబడదు.

మీ మైక్రోస్కోపు కోసం రాతిని గాజుపలకకి అంటించి, అవతల ఉన్న అక్షరం కనబడేంత పలచగా రుద్దడం నా పని. ముప్పై ఎనిమిదేళ్ళు అదే చేశాను. చలికాలంలో ఆ నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోయేవి. "ఏమయ్యా సెగావా, నీ వేళ్ళకి కళ్ళున్నాయా ఏమిటి?" అనేవారు మీరు. ఆ ఒక్క మాటకి ఇంకో పది రాళ్ళు రుద్దేవాణ్ణి. పిచ్చివాణ్ణి!

ఆ ఏడు సముద్రం ఒడ్డున దొరికిన నల్లరాయి, నలభై ఒకటో నంబరు. అందులో హైపర్‌స్తీన్ అనే ఖనిజం ఉందన్నారు మీరు. కరసు కొండ లావాలో ఉన్నదీ అదే, కాబట్టి ఆ రాయి అంత దూరం ఆ కొండ నుంచే పారి వచ్చిందని వ్యాసం అచ్చేశారు. ఎంత పేరొచ్చింది! టోక్యోలో ఒకాయన అదే రాయి తెచ్చుకుని, అబ్బే, ఇది ఉత్త ఆగైటే అన్నాడు.

రెండూ పైరాక్సీన్ జాతి ఖనిజాలే, అన్నదమ్ముల్లా ఉంటాయి. మైక్రోస్కోపు బల్ల తిప్పితే హైపర్‌స్తీన్ తన చీలిక గీతలు నిటారుగా ఉన్నప్పుడు వెలుగు పోయి నల్లగా ఆరిపోతుంది. ఆగైట్ వాలుగా ఉన్నప్పుడు ఆరిపోతుంది. కానీ ఒక వైపు నుంచి కోస్తే ఆగైట్ కూడా నిటారుగానే ఆరుతుంది, దాని రంగులూ వెలిసినట్టుంటాయి. అందుకే కదా పలకలో పది గింజలు చూడాలని మొదటి ఏడాది పిల్లలకి చెప్పేది? మీరు ఒక్క గింజ చూశారు.

నేనడిగాను కూడా. "మాస్టారూ, హైపర్‌స్తీన్ అయితే బల్ల తిప్పితే గులాబీ ఛాయ రావాలిగా, రాలేదేం?" అని. "రుద్దడం నీ పని, చూడడం నా పని" అన్నారు. నిజమే అనుకుని ఇంకో రాయి అందుకున్నాను. రాత్రి కాలేజీలో చదివిన చదువు నాది. మీతో వాదిస్తానా?

నవంబరు పదహారు, శనివారం. భూగర్భ శాస్త్రజ్ఞుల సంఘం సభ. మీరు లేచి, "మా పలకలు రుద్దేవాడు మరీ పలచన చేసేశాడు. రంగులు పడిపోయి నన్ను మోసం చేశాయి" అన్నారు. ఎంత పలచన చేసినా ఆరిపోయే కోణం మారదని ఆ హాల్లో అందరికీ తెలుసు. ఒక్కరు నోరెత్తితేనా! పెద్దాయన మాట కదా. మూడో వరసలో ఉన్న నేను లేచి, నడుం వంచి, అందరికీ క్షమాపణ చెప్పాను. వసంతంలో నన్ను పాఠాలకి సహాయకుడిగా తీసుకుంటానన్నారు మీరు. ఆ ఉద్యోగం అట్లాగే పోయింది. చేతులు నమ్మదగినవి కావన్నారట.

ఇక గురువారం నాడు మీరు రాసుకున్నది చదువుతాను, వినండి. "నలభై ఒకటి మళ్ళీ చూశాను. ఫెల్డ్‌స్పార్ తెల్లబూడిద రంగులోనే ఉంది. అంటే పలక మందం సరిగ్గానే ఉంది. సెగావా తప్పు లేదు. ఒక్క గింజే చూశాను. శనివారం ఏం చెప్పాలి?"

రెండు రోజుల ముందు! తెలిసి! పొరపాటు పడ్డారనుకున్నాను మాస్టారూ, కంగారులో ఫెల్డ్‌స్పార్ చూసుకోలేదనుకున్నాను. ఆ అనుకోవడం మీదే ముప్పై అయిదేళ్ళు బతికాను. ప్రతి కొత్త సంవత్సరానికీ సోబా నూడుల్స్ పట్టుకుని ఈ గడప తొక్కాను. "రావయ్యా, నీ చేతులెట్లా ఉన్నాయి?" అని అడిగేవారు. ఎట్లా అడిగారు ఆ మాట?

ఇంకోటి చెప్పేస్తాను, మీకు తెలియదు. సభ అయిన సాయంత్రమే నేనూ చూశాను ఆ పలకని. తెల్లబూడిద రంగే. నా చేయి తప్పలేదని నాకు ఆరోజే తెలుసు. సోమవారం టోక్యో ఆయన దాన్ని పంపమని ఉత్తరం రాశాడు. వెళ్తే మీ పరువు ఏమయ్యేది? "కడుగుతుంటే పగిలింది, క్షమించండి" అని జవాబు రాసి, పలక ఇంటికి పట్టుకుపోయాను. మీరు ఒక్కసారి దోషం నా మీద వేశారు. అది నా దోషం కాదనే సాక్ష్యం లేకుండా చేసింది నేను.

పోనివ్వండి. నిన్న మీ వీలునామా చదివారు. ఇల్లు మీ అమ్మాయి తొమొయేకి, రాళ్ళన్నీ విశ్వవిద్యాలయానికి, గో ఆడే బల్ల పక్కింటి పళ్ళ డాక్టరుకి. మైక్రోస్కోపు నిషిగోరికి. మీ దగ్గర చివర చదివిన వాడు, ఇప్పటికీ ఒక్క గింజే చూస్తాడు. సెగావాకి ఏమీ లేదు. నలభై ఒకటో పలక మటుకు ఇదిగో, నా జేబులో ఉంది. అది మీరిచ్చింది కాదు, నేను దొంగిలించింది.

వస్తున్నానమ్మగారూ, పళ్ళు అక్కడే ఉంచండి. ఆఁ, తగలబెడతాను, అన్నీ.