గెడ్డలో గీసిన ఊరు

గైరమ్మని ఓ ముసలామె. కొంకివలసలో ఉండేదంట. మిట్ట మీద ఇరవై గడపల ఊరు, కింద కొంకిగెడ్డ అనే వాగు. ఎండాకాలం గెడ్డ ఎండిందనుకో, ఊరు ఊరంతా ఇసకలోకి దిగి పుచ్చపాదులు పెట్టేవారంట. నక్కలు కాయలు కొరికేస్తాయి కదా, కాపలాకి అక్కడే పాకలు వేసుకుని, కుండా చట్టీ, కోళ్ళూ మేకలూ అన్నీ అక్కడే. మిట్ట మీది ఇళ్ళలో పశువులు దూరకుండా గుమ్మాలకి ముళ్ళకంప అడ్డం పెట్టేవారు. అలాంటి ఓ వైశాఖంలో ఏమైందంటే, కొలత గొలుసులు మోయించుకుని సర్వే దొర వచ్చాడంట, గెడ్డలూ ఊళ్ళూ పటం గీయడానికి. పైకెళ్ళి చూస్తే కంపలు. కింద చూస్తే పొయ్యిలు. ఆయన తప్పేముంది? కనపడిందే గీశాడు. గెడ్డలో ఊరు, మిట్ట మీద పాడుబడ్డ ఊరు. గైరమ్మ పుచ్చకాయ కూడా కోసి పెట్టిందంట. బాగుందన్నాడంట.

రెండేళ్ళు పోయాక, భాద్రపదంలో, అడవి రేంజరు ఆ పటం పట్టుకుని వచ్చి, ఈ మిట్ట అడవిలో కలిసింది, మీ ఊరికి మీరు పొండి అన్నాడు. ఇదే మా ఊరు బాబూ అంటే, కాదు, పటంలో కింద ఉంది అంటాడు. మగాళ్ళు దండాలు పెట్టారు. వినలేదు. గైరమ్మ పెనిమిటిని ఆ మిట్ట మీదే పూడ్చి అప్పటికి నెల్లాళ్ళు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "అలాగే బాబూ, దొర గీసింది తప్పవుద్దా? మా ఊరేదో సూపించండి, ఎల్లిపోతాం" అందంట.

సూపిస్తా పదమని ఆయనా పంతానికి దిగాడు. గెడ్డ నిండుగా పారుతోంది. మోకాటిలోతులో ఆయన ఆగితే, "ఇది పొలిమేరే బాబూ, ఊరింకా లోపలుంది" అని చెయ్యి పట్టుకుంది. మొలలోతుకి వచ్చాక, "ఇది మా మరిది గుమ్మం. తల వంచండి, చూరు తగుల్తాది" అంది. నవ్వకండర్రా, ఆమె నవ్వలేదు. గుండెలోతయ్యింది. రేంజరు పటం చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. "అదిగో మా పొయ్యి. రండి, అంబలి తాగి ఎల్దురుగాని."

"ఆగవే ముసిల్దానా! నాకు ఈత రాదు!"

"మాకు మాత్రం వచ్చా బాబూ? అయినా ఉండమంటన్నారు కదా."

గట్టెక్కి, గుడ్డలు పిండుకుని, మిట్ట మీద ఊరుందని పటం మీద రాసి సంతకం పెట్టాడంట. మరి కిందిది కొట్టెయ్యండి అంటే, అది పైవాళ్ళు గీసింది, నా చేతిలో లేదన్నాడంట. అంచేత పటంలో మాకు ఇప్పటికీ రెండూళ్ళు. పైదాంట్లో మేముంటాం. కిందిదాంట్లో చేపలుంటాయి. వాటిని ఖాళీ చెయ్యమని ఇంతవరకూ ఎవరూ రాలేదు.