టెంకాయ కొట్టిన బస్సు

సుంకులమ్మ అని ఒగామె ఉండె. గుట్టెనకపల్లి ఆమెది. ఏమైందంటే, ఆ పల్లెకు సర్కారోళ్లొచ్చి ఆడోళ్లకు కుట్టుపని నేర్పిస్తామనిరంట. ముప్పై మందికి ఆర్నెల్లు నేర్పించిరి. కాలరు కుట్టేది, జేబు కుట్టేది, అంతా. సుంకులమ్మ కుడితే సూది యాడ దిగిందో కండ్లకు కనపడదనుకో. ముప్పై మందికీ సర్టిఫికెట్లిచ్చి, బట్టల ఫ్యాక్టరీలో పని కూడా చూపించిరి. నెల దాటినాక వచ్చే సోమారం పొద్దున ఎనిమిదికి గేటుకాడ ఉండల్ల, రాకపోతే ఆ పని ఇంకొకరికి. బాగుండాది గదా? వినండి మరి. ఫ్యాక్టరీ పదైదు మైళ్లు! పల్లెకు బస్సే లేదు, పక్క ఊరికొచ్చే బస్సు చూస్తే తొమ్మిదికి. ఎట్ల పోతారని ఒగడన్నా అడిగినాడా? ఆర్నెల్లు నేర్పించినోళ్లకు ఆ మాత్రం బుద్ధి లేకపాయ!

ఆ పని పోతే సుంకులమ్మకు మళ్లా బెంగుళూరు వలసే. తొమ్మిది చదివే బిడ్డను బడి మాన్పించి ఎంట తీసకపోవల్ల. అందుకని బస్సుకోసరం తిరిగె. డిపోలో మండలాఫీసుకు పొమ్మనిరి, మండలాఫీసులో డిపోకు పొమ్మనిరి. నెల దినాలు తిరిగి తిరిగి చెప్పులరిగిపాయ తల్లికి. ఆఖరికి ఒగ ఆఫీసరు, సోమారం పొద్దున్నే మీ పల్లెకు బస్సు ప్రారంభిస్తాండాము, పోమ్మా, అనె.

సోమారం ఆరు గంటలకే బస్సొచ్చె. షామియానా, పూలదండలు, ఫోటోలోళ్లు. మన ఆడోళ్లు తలకు నూనె పెట్టుకొని, సద్దిడబ్బాలు కట్టుకొని వచ్చి, బస్సుకు పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చిరి. టెంకాయ కొట్టండి, ఫోటోకు బాగుంటాది, అని ఆఫీసరే చెప్పె. కొట్టి, ముప్పై మందీ ఎక్కి కూర్చునిరి. పిచ్చి తల్లులు, ప్రారంభమంటే నిజంగానే ప్రారంభమనుకునిరి! ఆఫీసరు రిబ్బను కత్తిరించె, ఉపన్యాసం చెప్పె. చెప్పినాక, ఇంగ దిగండమ్మా, అనె. దిగేదేంది సార్, అంటే, ఇది ఈ పొద్దుటికి తెప్పించిన బస్సు, మీ రూటుకింకా ఆర్డరు రాలేదు, అనె. చూడండీ అన్యాయం! వాని నోట్లో మన్ను పడ!

సుంకులమ్మకు కడుపు మండిపాయ. డబ్బా ఒళ్లో పెట్టుకొని, మేము దిగం, అనె. "సార్, మాకాడ కొత్త బండికి టెంకాయ కొట్టినాక ఖాళీగా ఎనక్కి తిప్పరు. బరువెత్తుకొని ఒగ తిరుగుడు పోయి రావల్ల. లేకుంటే బండికి చేటు, తోలినోనికీ చేటు. మీరే కొట్టమంటిరి, కొట్టినాము." ఆఫీసరు, మూఢనమ్మకాలు మాట్లాడొద్దు, దిగు, అని అరిసె. ఆమె డ్రైవరు పక్క తిరిగి, అన్నా, నువ్వు చెప్పు, అనె. డ్రైవరు ఓబులేసు పల్లెటూరోడే, వాళ్ల నాయన ఎద్దులబండి తోలినోడు. ఆయప్ప ఆఫీసరును చూసె, కింద పడిన టెంకాయ చిప్పలను చూసె. "హారతి పట్టినాక ఖాళీ బండి నేను తిప్పను సార్. కావల్లంటే మీరే తోలుకోండి," అనె. ఆఫీసరుకు తోలేదొస్తే గదా! ఫోటోలోళ్లు ఫోటోలు తీస్తానే ఉండారు. బస్సు కదిలె. ఎనిమిదికి ఐదు నిమిషాలుండంగా గేటుకాడ నిలిసె.

మరుసనాడు పేపర్లో ముప్పై మంది ఆడోళ్లతో పోయే బస్సు ఫోటో పడె. ఇంగ బస్సు లేదనేదెట్ల? రెండో దినానికే ఆర్డరొచ్చె. అంటే రెండు దినాల పనికి ఆమెను నెల తిప్పిరి, చూస్తిరా! ఈ పొద్దు సుంకులమ్మ బిడ్డ పది పాసైంది. ఆ ఆఫీసరేమో, గుట్టెనకపల్లికి బస్సేసింది నేనే అని మీటింగుల్లో చెప్పుకుంటాడంట. చెప్పుకోనీ. బస్సు ప్రారంభానికి పోతే మాత్రం, టెంకాయ ఒద్దులేమ్మా, అంటాడంట.