డీజిలు బండికి దూరం కావాలి

సభకి పెద్దగా కూర్చున్న విత్తనాల కొట్టు సంజీవరావు గారికి, ముందు వరస పెద్దలకి, కుర్చీలు చాలక టైర్ల మీద సర్దుకున్న డ్రైవర్లందరికీ, పూలదండ బరువుకి మెడ వంచుకు కూర్చున్న మెకానిక్ మాబు సాహెబ్‌కి, అతని భార్య సఫూరాకి శివపార్వతమ్మ నమస్కారాలు. నాకు అక్షరం ముక్క రాదు. ఈ మాటలు నేను చెబుతుంటే మనవరాలు జ్యోతిర్మయి రాసి, నాచేత బట్టీ పట్టించింది. ఇప్పుడు పక్కనే నిలబడి ఎక్కడ దారి తప్పుతానా అని చూస్తోంది. తప్పుతానమ్మా, నువ్వెళ్ళి కూర్చో. (నవ్వులు)

ఈ పెదకాకాని షెడ్డు రేపటినుంచి మాబు దగ్గర పని నేర్చిన కోటేష్ చూసుకుంటాడు. మాబు వినుకొండలో కూతురు ఫిజా దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మోకాళ్ళు అరిగి బండి కిందికి దూరలేకపోతున్నాడు, వెళ్ళాల్సిందే, కాదనను. కానీ పోయినవారం నా బండి బానెట్టు మూస్తూ ఏమన్నాడో తెలుసా? "అక్కా, ఈ డీజిలు బండి అమ్మేసి చిన్న పెట్రోలు బండి కొనుక్కో" అన్నాడు. అన్నం పెట్టిన బండిని అమ్ముకోమంటాడా అని ఆ రోజునుంచి అతనితో మాట్లాడలేదు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది. (నవ్వులు)

అసలు సంగతి వినండి. పెట్రోలు బండి కొనేటప్పుడు చవక, తాగేటప్పుడు ఖరీదు. డీజిలు బండి కొనేటప్పుడు ఖరీదు, తాగేటప్పుడు చవక, జబ్బు చేస్తే మళ్ళీ ఖరీదు. మా ఆయన ఉన్న రోజుల్లో మాకు చుట్టుపక్కల ఊళ్ళలో మిరప తోటలు కౌలుకుండేవి. పొద్దున్నే కోతమనుషుల్ని దించిరావడం, మధ్యాహ్నం పురుగుమందులు, సాయంత్రం గుంటూరు యార్డు. అంత తిరుగుడుకి పెట్రోలు పోసి ఉంటే మా మిరపకాయలన్నీ బంకువాడే తినేవాడు. కొన్నప్పుడు ఎక్కువ పెట్టిన సొమ్ముని ఆ డీజిలు బండి తిరిగి తిరిగి తెచ్చిపెట్టింది. వానలో పత్తిచేల దారిన నల్లరేగడిలో దిగబడ్డ పెట్రోలు కారుకి గట్టునుంచి తాడు కట్టి లాగింది కూడా అదే. ఆ కారు ఎవరిదో వాళ్ళే చెయ్యెత్తితే బాగుంటుంది. (సంజీవరావు గారు చెయ్యెత్తారు. చప్పట్లు.) అలాగని ఆయన బండిని తక్కువ చెయ్యను. పొన్నూరు దాటని మనిషికి డీజిలెందుకు? ఆయిలు మార్చించుకుని హాయిగా తిరుగుతున్నారు, షెడ్డుకి వచ్చిందే తక్కువ.

నా బండి మాత్రం ఈ షెడ్డుకి పుట్టింటికొచ్చినట్టు వచ్చేది. ఓ యేడు లారీలు దొరక్క మిరపకాయ బస్తాలు, ఆ టిక్కీలన్నీ దాన్లోనే కుక్కించాను. మర్నాడు పెళ్ళివారిని ఎక్కించి ఏసీ వేస్తే పెళ్ళికూతురు తుమ్మింది, పురోహితుడు తుమ్మాడు, మంచి పనికి బయల్దేరుతూ ఇన్ని తుమ్ములేమిటని బండి ఆపి దిగిపోయారు. మాబు ముఖానికి తువాలు చుట్టుకుని దాన్ని కడిగి, ఎర్రబడ్డ కళ్ళతో, "ఇంజను డీజిలుదే అక్కా, ఊపిరి మాత్రం మిరపకాయది" అన్నాడు. (నవ్వులు)

పొగుడుతున్నానని పొంగిపోకు మాబూ. రేపిస్తానన్న బండిని నువ్వు రేపు ఇచ్చిన పాపాన పోలేదు. "బెల్టు ఇంకో యేడు లాగుతుంది" అన్నావు, అది వినుకొండ రోడ్డులో పుటుక్కున తెగింది. కానీ ఫోను చేస్తే కొత్త బెల్టు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చావు. నేను తిడుతూనే ఉన్నాను, నువ్వు బిగిస్తూనే ఉన్నావు. సఫూరా కట్టిచ్చిన అన్నంలో సగం నాకు పెడితే గానీ నా నోరు మూతపడలేదు.

మా ఆయన పోయాక కౌలు వదిలేశాం. బండికి పట్టా కప్పి కొట్టంలో పెట్టాను. కోల్డు స్టోరేజీలో దాచిన మిరపకాయ రంగు చెడదు కదా, బండి కూడా అంతేననుకున్నాను. ఆదివారం గుడిదాకా, ఎప్పుడన్నా ఆస్పత్రిదాకా తీసేదాన్ని. ఎలుకలు వైర్లు కొరికాయి, బ్యాటరీ చచ్చింది, చివరికి ఎత్తు రోడ్డెక్కమంటే దగ్గడం మొదలెట్టింది. అప్పుడే మాబు ఆ మాటన్నాడు. "పొగ పోయే దారిలో మసి పేరుకుందక్కా. దీన్ని దూరం తోలాలి, ఒళ్ళు వేడెక్కాలి. గుడిదాకా నడిపితే ఊపిరాడక చస్తుంది. నీకిప్పుడున్న తిరుగుడికి పెట్రోలుదే నయం."

కోపం చల్లారాక ఆలోచించాను. అతను చెప్పింది బండి గురించే. కానీ ఆయన పోయిన దగ్గర్నుంచి నేనూ ఆ పట్టా కిందే ఉన్నాను. (ఒకరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చారు.) ఉండండమ్మా, మంచినీళ్ళొద్దు.

మాబు మాటే నెగ్గింది. చిన్న పెట్రోలు బండికి మాటిచ్చి వచ్చాను, జ్యోతిర్మయి నడుపుతుంది. డీజిలుది మాత్రం అమ్మను. బేరానికొచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేశాను. మాబూ, ఇలా రా. ఇదిగో తాళం. కాగితాలు నీ పేరున మార్పించమని కోటేష్‌కి చెప్పాను. తల అడ్డంగా ఊపకు, దండ జారిపోతుంది. కిందికి దూరలేవు గానీ తోలడానికి నీ కాళ్ళకేం? ఇది దానం కాదు, బహుమతీ కాదు. ఈ బండికి దూరం కావాలని చెప్పింది నువ్వే. వినుకొండనుంచి మా ఇంటిదాకా ఉన్న దారి దానికి సరిపోతుంది. నెలకోసారి సఫూరాని పక్కన కూర్చోబెట్టుకుని తోలుకురా. భోజనం మా ఇంట్లో, తిట్లు కూడా మా ఇంట్లోనే. నువ్వు రాకపోతే మసిపట్టేది బండి ఒక్కటే కాదు.

నా నోటికి భయపడో, నా మీద ప్రేమకొద్దో ఇంతసేపు కూర్చున్న పెద్దలకి, డ్రైవర్లకి, తాడు కట్టి లాగిన సంగతి చెప్పినా కోప్పడని సంజీవరావు గారికి పేరుపేరునా దండాలు. మీ అందరి దగ్గరా సెలవు.

మాబూ, నీకు మాత్రం సెలవు చెప్పను.