చివరి మంచం మనిషి

"నీళ్లు కాచాలి. నానబెట్టిన దుప్పట్లు ఉతకాలి. కిటికీ పక్క తాతకి గడ్డం గీయాలి, లేకపోతే అలుగుతాడు. ముసలమ్మకి మందులు మింగించాలి. చివరి మంచం ఆయన్ని పక్కకి తిప్పాలి. ఇన్ని పనులు పెట్టుకుని నీతో వాదించే తీరిక నాకెక్కడిది, అబ్బాయ్?"

చర్చి సంఘం వాళ్లు నడిపే ఆశ్రమంలో మంచాన పడ్డవాళ్ల గది అది. మధ్యాహ్నం వేళ, పనిలో ఉన్న వదిన వెంటే ఆమె మరిది తిరుగుతున్నాడు.

"వాదించడానికి రాలేదు వదినా. ఆ చివరి పని ఒక్కటీ మానెయ్యమని చెప్పడానికొచ్చా."

"మెల్లగా. ఆయనకి మాట పడిపోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి."

"విననీ. వినాలనే అంటున్నా. మిల్లులో మంటలంటుకున్న రోజు లోపలున్నవాళ్ల కేకలు వీడి చెవిన పడలేదా? వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుపోయింది వీడు కాదా?"

"వీడే."

"అన్నయ్య పైనుంచి దూకి నడుం విరగ్గొట్టుకున్నది వీడివల్ల కాదా?"

"వీడివల్లే. ఆ బకెట్ అడ్డం తియ్యి."

"కోర్టులో ఏమన్నాడు? ఈ సూపర్‌వైజర్ గారు ఆ రోజు సెలవులో ఉన్నారట! తాళం దానంతటదే పడిందట!"

"అన్నీ నాకు అప్పజెప్తావేంట్రా? నేను ఆ కోర్టులో లేనా?"

"మరి? దేవుడు తిప్పి తిప్పి తెచ్చి నీ చేతుల్లో పడేశాడు. పాపం పండడమంటే ఇదే. నువ్వు పీక పిసకక్కర్లేదు, విషం పెట్టక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు. తిప్పకు. అంతే. వీపు దానంతటదే కుళ్లుతుంది. అన్నయ్యకి కుళ్లినట్టే."

"నోర్ముయ్."

"ఏం, తప్పా?"

"మీ అన్నకి ఎందుకు కుళ్లిందో తెలుసా నీకు?"

"మంచాన పడితే కుళ్లదా?"

"కుళ్లదు. అటూ ఇటూ తిప్పుతుంటే కుళ్లదు. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. చెయ్యేస్తే చాలు, అమ్మా అని అరిచేవాడు. నొప్పి పెట్టకూడదని కదపకుండా పడుకోబెట్టా. ఈగ వాలనివ్వలేదు. వాసనొచ్చేదాకా వీపు కింద ఏమవుతోందో తెలీలేదు. ప్రేమకొద్దీ చంపుకున్నా."

"వదినా, అది నీ తప్పు కాదు..."

"అందుకే ఇక్కడికొచ్చా. మరో ఇల్లాలు తెలీక అలా చంపుకోకూడదని ఈ పని నేర్చుకున్నా. పిలిచినోళ్ల ఇంటికల్లా వెళ్లి నేర్పుతున్నా. ప్రభువు మీ అన్నని తిరిగివ్వలేదు, ఈ పనిచ్చాడు. దాన్ని కూడా లాక్కుంటావా?"

"లాక్కోవట్లేదు. అందరికీ చెయ్యి. వీడొక్కడికీ వద్దు. అసలు వీడొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఈ మధ్యే."

"ఈ మధ్యే అంటే? నాకెందుకు చెప్పలేదు? ఊళ్లో వాళ్లు చెప్తే తెలిసింది."

"నీళ్లు కాగాయేమో చూడు."

"నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"కాగాయా?"

"కాగాయి! పాముకి పాలు పోస్తున్నావ్ వదినా. రేపు వీడి కొడుకొచ్చి నీకు దండం పెడతాడనుకుంటున్నావా?"

"ఆ కొడుకే తెచ్చి పడేసి పోయాడు. మళ్లీ గుమ్మం తొక్కలేదు. చేతులు కడుక్కో."

"నేనా? దేనికి?"

"నాకు సాయం చేసే ఆయమ్మ జ్వరమని చాన్నాళ్లుగా రావట్లేదు. బరువైన మనిషి, తిప్పాలంటే ఇద్దరు కావాలి. దుప్పటి రెండో కొస పట్టుకో."

"నేను... వీణ్ని... నీకు మతి పోయిందా? అన్నయ్య శవపెట్టె మోసిన చేతులివి!"

"ఆ చేతులకే గ్రీజుంది. మెకానిక్ షెడ్డులోంచి నేరుగా వచ్చినట్టున్నావ్."

"పట్టుకోను."

"పట్టుకోకపోతే పో. నేనొక్కదాన్నే లాగితే చర్మం ఊడొస్తుంది. నీ కోరికే తీరుతుంది. ఇంకా నిలబడ్డావే?"

"సబ్బేది?"

"గూట్లో."

"వీడు నన్నే చూస్తున్నాడు వదినా."

"చూడనీ. ముందు ఆయన మోకాలు మడువు. భుజం దగ్గర నువ్వు, నడుం దగ్గర నేను. ఈడ్వకు, ఎత్తు. ఊఁ... ఆఁ, అలాగే. కాళ్ల మధ్య తలగడ పెట్టు."

"అయ్యో! ఏంటిది వదినా? వీపు మీద ఇంత పుండు! అన్నయ్యకున్న చోటే!"

"కదలకుండా పట్టుకో. కడగాలి."

"లోపలి మాంసం కనిపిస్తోంది. కొడుకు చేసిన నిర్వాకమా? కన్నతండ్రిని ఇలా కుళ్లబెట్టి తెచ్చాడా?"

"కాదు."

"మరి?"

"వచ్చినప్పుడు ఆ వీపు అద్దంలా ఉంది."

"అంటే?"

"మిగతా మంచాలన్నీ తిరిగొచ్చేదాన్ని. ఈ మంచం దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఒక్కదాన్నే ఎలా తిప్పుతానులే అని నాకు నేనే చెప్పుకున్నా. వీధిలోకి కేకేస్తే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. వెయ్యలేదు."

"నువ్వా? నువ్వు?"

"మీ అన్నని ప్రేమతో కదపలేదు. వీణ్ని పగతో కదపలేదు. పుండు మాత్రం ఒక్కలాగే పడింది."

"మరి నేనంటే నన్ను నోర్ముయ్యమన్నావ్?"

"నువ్వు పైకన్నావ్. నేను రోజూ లోపల అనుకుంటున్నా. నా మాట నీ నోట వింటే వణుకు పుట్టింది."

"నిజం చెప్పు వదినా. ఇది చూశాక కడుపు చల్లబడిందా?"

"చల్లబడింది. మీ అన్న పోయాక మొదటిసారి హాయిగా నిద్ర పట్టింది. అదేరా నా భయం. చెయ్యి వదలకు."

"వదల్లేదు. కడుగు."

"సాయంత్రం ప్రార్థన కూడికకి వెళ్తావుగా?"

"వెళ్తా. వీడి కోసం ప్రార్థించమని చెప్పమంటావా?"

"వీడికి ఈ పూటకి నీ చేతులు దొరికాయి. రేపు నువ్వుండవు, నేను మళ్లీ ఈ మంచం దగ్గరికి రావాలి. అక్కడ అందరికీ చెప్పు, ప్రార్థనలో నన్ను మర్చిపోవద్దని."