వెనుక నిలిచినవారి జవాబు: జకరయ్య గారి ముప్పై నాలుగేళ్లు

1991వ సంవత్సరం జూలై 17, బుధవారం నాడు చిట్టమూరు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో శ్రీ జకరయ్య గారు వ్యాయామోపాధ్యాయులుగా ఉద్యోగంలో చేరారు. ఆనాటికి ఆ బడి ఆటస్థలంలో ఊరివారి గడ్డివాములు రెండు ఉండేవట. వాటిని తీసేయమని ఆయన ఎవరినీ అడగలేదు. ఆ రెండు వాముల మధ్య ఖాళీనే గోలుగా పెట్టుకుని ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. పశువులకు గడ్డి లాగేకొద్దీ గోలు వెడల్పయ్యేదని, వేసవి నాటికి ఎంతటి కీపరుకైనా బంతిని ఆపడం అసాధ్యమయ్యేదని ఆయనే చెప్పి నవ్వేవారు. ఈ ఫిబ్రవరి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారిని గురించి ఈ సంచికకు రాయవలసిందిగా సహోపాధ్యాయులు నన్ను కోరారు. ముప్పై నాలుగేళ్ల ఏడు నెలల సేవను నాలుగు పుటల్లో పెట్టడం నా శక్తికి మించిన పని. అయినా ఇందులో నేను తప్ప మరొకరు రాయలేని విషయం ఒకటి ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

జకరయ్య గారు కోట మండలంలోని ఒక తీరగ్రామంలో జన్మించారు. తండ్రి హెబ్రోను గారు అలివి వల లాగే కూలి. ఆ వలకు రెండు చివర్లా పొడవాటి తాళ్లుంటాయి. ఒక తాటి కొసను కొందరు ఒడ్డున పట్టుకుని నిలబడతారు. మిగిలినవారు వలను, రెండో తాటిని పడవలో వేసుకుని సముద్రంలోకి వెళ్లి, చుట్టు తిరిగి ఒడ్డుకు వస్తారు. అప్పుడు రెండు వైపుల నుంచీ లాగుతారు. అలల మీద పడవ లేచి పడుతుంటే చూడడానికి జనం చేరతారు గానీ, ఒడ్డున తాడు పట్టుకున్నవారి వైపు ఎవరూ చూడరు. హెబ్రోను గారు బతికినంతకాలం ఒడ్డు తాడే పట్టారు. వారి జట్టులో ఒక అలవాటు ఉండేదట. పడవ కదిలేముందు అందులోనివారు “పోతుండాం” అని కేక వేయాలి. ఒడ్డు తాటి దగ్గర నుంచి “ఉండాం” అని జవాబు రావాలి. జవాబు వినబడందే పడవ కదలదు. చిన్నతనంలో విన్న ఈ రెండు మాటలు తన ఆటకు మూలసూత్రమవుతాయని జకరయ్య గారికి చాలా ఏళ్లవరకూ తట్టలేదు.

చిట్టమూరు రోజుల్లో ఆయనకు దాడి తప్ప మరొకటి తెలియదు. పదిమందినీ ముందుకు పంపేవారు. ఒక మ్యాచ్‌లో ఆయన జట్టు ఐదు గోలులు కొట్టి, ఆరు ఇచ్చి ఓడిపోయింది. 2001లో సూళ్లూరుపేటకు బదిలీ అయ్యాక ఆ అనుభవం ఆయనను రెండో కొసకు నెట్టింది. అక్కడ ఒక ఏడాది మొత్తానికి ఆయన జట్టు ఇచ్చిన గోలులు రెండు, కొట్టినది ఒకటి. ఆ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించిన హజరత్తయ్య గారు ఆయనకు ఆప్తమిత్రులు. ఆయన ఊరుకోలేక ఒకనాడు అన్నారట: “మీ పిల్లకాయలు గోలు కొట్టరు, కొట్టనీరు. చూసేవాళ్లకి నిద్రొస్తా ఉండాది సారూ.” దానికి జకరయ్య గారు, “నిద్రపోండి సార్, గోలు పడితే లేపుతా” అన్నారట. మాటకు మాట చెప్పారే గానీ, ఆ రాత్రి ఆయన పాత నోటుపుస్తకం తీసి తన రెండు జట్ల లెక్కలూ పక్కపక్కన రాసుకుని చూశారు. ముందుకు వెళ్లడం తప్పు కాదని, వెనుక నిలవడమూ తప్పు కాదని, ఎవరు వెళుతున్నారో ఎవరు నిలిచారో ఒకరికొకరు తెలియకపోవడమే తప్పని అప్పుడు ఆయనకు అర్థమైంది. తండ్రి జట్టు కేకలు ఆయనకు ఆనాడే గుర్తుకొచ్చాయి.

తరువాతి బడిలో ఎనిమిదేళ్లు ఆ పద్ధతిని సరిదిద్దుకుంటూ వచ్చి, 2017లో ఆయన మన పాఠశాలలో చేరారు. వచ్చిన నెలలోనే ఇసుక చదును చేయించి, సర్వి (సరుగుడు) కొయ్యలతో గోలుపోస్టులు నాటి, చిరిగిన చేపల వలను తెచ్చి వాటికి కట్టారు. బాలికల జట్టు కడతానన్నప్పుడు ఊరిలో కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆయన వాదించలేదు. సాయంత్రాలు సతీమణి ఎలిశబెతు గారిని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి, మజ్జిగ తాగి, పంటల గురించి మాట్లాడి, లేచేటప్పుడు మాత్రం అమ్మాయికి షూ సైజు ఎంతో అడిగేవారు. నాలుగో ఇంటికల్లా ఆ ఊరికి విషయం అర్థమైంది. నా ఏకైక కుమార్తె భానుప్రియ అప్పుడు ఎనిమిదో తరగతి. ఆమె ఎడమవైపు బ్యాక్‌గా, అంటే మన గోలుకు కాపుగా వెనుక వరుసలో, ఆడింది. కుడివైపు బ్యాక్ పెంచలమ్మ.

ఆ జట్టుకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బ్యాకులు ఇద్దరిలో ఎవరైనా దాడిలోకి వెళ్లవచ్చు. వెళ్లబోయేవారు “పోతున్నా” అనాలి. రెండోవారు తమ చోట నిలిచి “ఉండా” అనాలి. ఆ జవాబు చెవిన పడ్డాకనే మొదటివారు మైదానం మధ్యగీత దాటాలి. ప్రతి సాయంత్రం నాలుగున్నర నుంచి ఆ రెండు మాటలు బడి ఆవరణంతా వినబడేవి. మొదట్లో మేము స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకునేవాళ్లం. కాఫీకి లేచేవారు “పోతున్నా” అనడం, కూర్చున్నవారు “ఉండా” అనడం కొన్నాళ్లు మా వేడుకైంది. ఆయనా మాతో పాటే నవ్వేవారు. అయితే మైదానంలో మాత్రం ఆ మాటను ఎవరు తేలికగా అన్నా ఆట ఆపించి మళ్లీ అనిపించేవారు.

ఇక నేను రాయవలసిన విషయం.

2018 నవంబరులో నెల్లూరులో జరిగిన జిల్లా పోటీలలో మన బాలికల జట్టు ఫైనల్‌కు చేరింది. బాలికల వెంట ఉపాధ్యాయిని ఒకరు వెళ్లాలి గనుక నేను వెళ్లాను. ఆట చివరి ఐదు నిమిషాల వరకూ చెరొక గోలుతో సమంగా ఉంది. సమంగా ముగిస్తే పెనాల్టీలు. మన కీపరు పెనాల్టీలలో దిట్ట అని, అక్కడిదాకా తీసుకెళితే చాలని జకరయ్య గారు అంతకుముందే నాతో చెప్పారు. అప్పుడు పెంచలమ్మ దాడిలోకి వెళ్లింది. భాను “ఉండా” అని తన చోట నిలిచింది. ఇంతలో బంతి తిరిగి తిరిగి భాను కాలికి వచ్చింది. ఆమె ముందు మైదానమంతా ఖాళీ. నేను మైదానం అంచున గీత దగ్గర జకరయ్య గారికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నాకు అప్పుడు గీతా తెలియలేదు, నియమమూ తెలియలేదు. నా బిడ్డ గోలు కొడుతుందనే తెలిసింది. “పో భానూ, ముందుకు పో” అని అరిచాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, “పోతున్నా” అని వెళ్లింది. జవాబు చెప్పడానికి వెనుక ఎవరూ లేరు. పది గజాలు పోకముందే బంతి పోయింది. ఆమె వదిలివచ్చిన ఖాళీలోంచే అవతలి జట్టు వచ్చి గోలు కొట్టింది. రెండు ఒకటితో ఓడిపోయాం.

మరునాడు స్టాఫ్‌రూమ్‌లో అప్పటి ప్రధానోపాధ్యాయులు నరేంద్రబాబు గారు అందరి ముందూ అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు. సమంగా ఉన్న ఆటను సొంత నియమం మీరి పోగొట్టుకున్నారని చూసినవారంతా అనుకున్నారు. ఎడమవైపు అమ్మాయిని ఎవరు పంపారన్నది ఆయన ప్రశ్న. నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. నోరు తెరిచేలోపు జకరయ్య గారు, “నేనే సార్. గెలుస్తామనుకున్నా” అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం కూడా చేశారు. ఆ ఏడాది జిల్లా బాలికల జట్టు శిక్షకునిగా వెళ్లవలసినవారి పేర్లలో ఆయన పేరు ఉండేది. ఆ తరువాత లేదు. తన ఉద్యోగ జీవితంలో ఆ బాధ్యత ఆయన కోరుకున్నది, మళ్లీ రానిది.

ఆ సాయంత్రం నేను మైదానానికి వెళ్లి, నిజం ప్రధానోపాధ్యాయులకు చెప్పేస్తానన్నాను. ఆయన వల కడుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: “మ్యాచ్ పోయింది, మళ్లీ ఆడుకుంటాం. అమ్మ పిలిస్తే పొయ్యి ఓడగొట్టిందని పదిమంది అంటే ఆ బిడ్డ ఇంక ఆటకు రాదు మేడమ్. నామీద ఉండనీండి. నాకేం, ముసలోణ్ణి.” ఆయన ముడి వేయడం పూర్తిచేసి, “అయితే ఒకటి. ఇంకోసారి గీత కాడ అరవబాకండి” అన్నారు.

ఇంటికి వెళితే భాను అన్నం తినకుండా కూర్చుని ఉంది. “నువ్వు పిలిచినావని పోయినామ్మా. పెంచలమ్మ వెనక్కి రాకముందే పోయినా. తప్పు నాదేలే” అన్నది. కాదని నేను చెప్పాను. నాదని మాత్రం చెప్పలేదు. ఉపాధ్యాయురాలిగా, తల్లిగా నేను చేసిన రెండో తప్పు అది. మొదటిది ఒక్క క్షణంలో జరిగింది. రెండోది ఇన్నేళ్లు సాగింది.

జకరయ్య గారి మాట నిజమైంది. భాను ఆట మానలేదు. మరుసటి ఏడు అదే పోటీలలో, అదే ఎడమవైపు, ఆమె ఒకసారి “పోతున్నా” అని ఆగి, పెంచలమ్మ జవాబు విని, అప్పుడు వెళ్లి ఇచ్చిన బంతితోనే మనకు గోలు వచ్చింది. ఆ ఒక్క గోలుతో కప్పు మన బడికి వచ్చింది. ప్రధానోపాధ్యాయుల గదిలో అద్దాల బీరువాలో ఉన్నది అదే. ఆ రోజు కూడా వెంట వెళ్లిన ఉపాధ్యాయిని నేనే. గీత దగ్గర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. జకరయ్య గారు అది చూసి నవ్వు ఆపుకోవడం నాకు గుర్తుంది.

2023 అక్టోబరులో విషజ్వరంతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి భానుప్రియ వెళ్లిపోయింది. అప్పుడు ఆమె డిగ్రీ రెండో సంవత్సరం. దీని గురించి ఇంతకంటే రాయను. జకరయ్య గారి అమ్మాయి అబిగయీలు నర్సు. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె సెలవు పెట్టి ఆరు రోజులు నా పక్కన కూర్చున్నదని మాత్రం ఈ సంచికలో ఉండాలి. తిరిగి బడికి వచ్చాక నేను స్టాఫ్‌రూమ్‌లో మైదానం వైపు కిటికీ దగ్గరి కుర్చీ వదిలి, ఇటువైపు గోడ దగ్గరికి మారాను. ఎందుకని ఎవరూ అడగలేదు. జకరయ్య గారు రెండేళ్లపాటు ఒక్కసారి కూడా నన్ను మైదానానికి రమ్మనలేదు. బాలికలను పోటీలకు తీసుకెళ్లవలసి వచ్చినప్పుడు ఎలిశబెతు గారినే తోడు తీసుకెళ్లారు. అయితే గోడ దగ్గర కూర్చున్నా నాలుగున్నరకు ఆ కేకలు వినబడతాయి. పిల్లలు మారారు, గొంతులు మారాయి, మాటలు అవే.

మొన్న జనవరిలో ఆయన మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. తన స్థానంలో వేరొకరు రావడానికి ఎంతకాలం పడుతుందో తెలియదని, అందాకా పెద్దవారెవరూ లేకపోతే తల్లిదండ్రులు ఆడపిల్లలను సాయంత్రం ఉంచరని, ఒకసారి ఆగిన జట్టు మళ్లీ లేవదని చెప్పారు. ఇప్పుడు జట్టులో పద్నాలుగుమంది ఉన్నారు. “ఆట నేర్పే పని లేదు మేడమ్. పెద్ద పిల్లలు నేర్పుకుంటారు. మీరు గీత కాడ నిలబడితే చాలు” అన్నారు. నేను ఏమీ చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. లేచి వెళ్లేటప్పుడు కుర్చీని ఎప్పటిలాగే చప్పుడు కాకుండా బల్ల కిందికి జరిపారు.

ఈ వ్యాసంలో ఆ ఫైనల్ సంగతి రాస్తున్నానని వారికి చెప్పలేదు. చెబితే వద్దనేవారు. కానీ వారి సేవాపుస్తకం పక్కన ఒక నింద ఉండగా వారిని సత్కరించడం నాకు సాధ్యం కాదు. 2018లో మన జట్టు ఓటమికి కారణం జకరయ్య గారు కాదు. ఆ అమ్మాయిని ముందుకు పంపింది నేను. ఎలిశబెతు గారు, అబిగయీలు, ఆనాటి క్రీడాకారిణులు, ఈనాటి సహోపాధ్యాయులు ఈ మాటను అచ్చులో చూడాలన్నదే నా కోరిక.

శ్రీ జకరయ్య గారు కంటిచూపు, కాలిసత్తువ తగ్గకుండా నిండు నూరేళ్లు జీవించాలని, వారి దంపతులకు దైవం శాంతినీ ఆరోగ్యాన్నీ ప్రసాదించాలని పాఠశాల పక్షాన కోరుకుంటున్నాను. మార్చి నెల మొదలుకొని వారి సాయంత్రపు నడక ఏ దారిన సాగినా, వారంలో ఒకనాడు మన ప్రహరీ పక్కగా రావాలని ప్రార్థన. లోపలికి రానవసరం లేదు. నాలుగున్నరకు గోడ అవతల ఒక్క నిమిషం ఆగితే పద్నాలుగు గొంతులూ వినబడతాయి. కొత్త శిక్షకులు వచ్చేదాకా గీత దగ్గర ఎవరు నిలబడతారన్న చింత పెట్టుకోవద్దు.

సార్, జనవరిలో మీరడిగినదానికి జవాబు ఆలస్యమైంది. మీరు నిశ్చింతగా వెళ్లండి. నేను ఉండా.

కామాక్షమ్మ
తెలుగు ఉపాధ్యాయిని