చక్రం కింద చెప్పు

ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లో పనిచేసే కోడలు, ప్రమాదస్థలాన్ని స్కానర్ అన్ని వైపుల నుంచీ తీసిన బొమ్మను కంప్యూటర్లో అటూ ఇటూ తిప్పుతూ మామగారికి చూపిస్తోంది.

“మామయ్యా, ఇది మీ కారు. ఇది మీరు గుద్దిన పాల వ్యాను.”

“బ్రేకు గట్టిగానే తొక్కానమ్మా.”

“తొక్కితే రోడ్డు మీద టైరు గీతలుండాలి. ఎటు తిప్పి చూసినా కనబడటం లేదు.”

“నీ మిషను పొరబడిందేమో.”

“సరే. మీ ముందు చక్రం కింద ఈ చెప్పు ఎవరిది?”

“నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.”

“పాలు దించుతున్న అతనిది. పక్కకి దూకాడు కాబట్టి బతికిపోయాడు.”

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“అక్కడ మనిషున్నాడా?”

“ఉన్నాడు మామయ్యా.”

ఆయన చెయ్యి జేబులోని కారు తాళాల మీదికి పోయింది.

“ఇంటికెళ్ళగానే కారు తాళాలు అత్తయ్యకి ఇచ్చేయండి.”

“వద్దమ్మా. నేనడిగితే మీ అత్తయ్య కాదనలేదు. నీ దగ్గరే ఉంచు.”